గృహజాలము: రౌటరు తొలి అమరిక

గుంటూరు నుండి తెనాలికి పోవు మార్గమున నున్న వడ్లమూడి, కృష్ణా పశ్చిమ డెల్టా పొలముల నడుమ వెలసిన పల్లె యైనను, సంగం డెయిరీ వలనను, ఇంజనీరింగు కళాశాలగా ఆరంభమై పిదప విశ్వవిద్యాలయ ప్రతిపత్తి నందిన విజ్ఞాన్ విద్యాసంస్థ వలనను, సేద్యమును పాల వ్యాపారమును ఉన్నతవిద్యయు ఒకే పొలిమేరలో కలిసి నడచుచున్న గ్రామముగా రూపొందినది. విద్యార్థుల వసతిగృహములును, అధ్యాపకుల అద్దె యిండ్లును, రైతుల పాత డాబాలును పక్కపక్కనే నిలిచియున్న ఇట్టి యూరిలో వీధి స్తంభమువంక తల యెత్తి చూచినవారికి, కరెంటు తీగకు దిగువగా, దానికంటె ఎంతో సన్ననై, నల్లని తొడుగులో ఒదిగియున్న మరియొక తీగ ఇంటింటికిని పాయలు పాయలుగా సాగిపోవుట కానవచ్చును. ఆ తీగ గోడలోని రంధ్రముగుండా ఇంటిలో ప్రవేశించి ఒక చిన్న పెట్టెయందు అంతమగును. ఆ పెట్టెయే రౌటరు.

పెట్టెను గోడకు బిగించి, దాని దీపములు వెలుగుట చూపి, వైఫై పేరొకటి, పాస్‌వర్డొకటి కాగితముముక్కమీద వ్రాసియిచ్చి, "ఇంక నెట్ వచ్చేస్తుందండీ" అని కేబులు ఆపరేటరు పంపిన కుర్రవాడు మోటారుసైకిలెక్కి పోవుటకు అరగంట కాలము చాలును. కాని ఆ అరగంటలో ఎవరును పెద్దగా ఆలోచింపక చేసిన నిర్ణయములు, అనగా పెట్టె నెచట నుంచవలెను, దాని లోపలి అమరికలను మార్చు అధికారము ఎవరి కుండవలెను, ఇరుగుపొరుగు సంకేతములతో అది ఎట్లు మెలగవలెను అను నిర్ణయములు, ఆ యింట ఏండ్ల తరబడి మారకుండ నిలిచిపోవును. వానిలో ప్రతిదాని వెనుకను పదార్థవిజ్ఞానమునకో, గణితమునకో, ఇటీవలి చరిత్రకో చెందిన కారణ మొకటి కలదు. ఆ కారణములు తెలిసిన గృహస్థునకు రౌటరు అమరిక ఒకరు చెప్పగా మరియొకరు జపించు మంత్రము కాక, తానే విచారించి చేసికొనదగిన పని యగును. ఆ విచారణయే ఈ అధ్యాయమునకు విషయము.

గాజుపోగులో వెలుగు

స్తంభము నుండి దిగు ఆ నల్లని తొడుగులో బలమునకై ఉక్కుతీగ యుండవచ్చును గాని, వార్తను మోయునది ఉక్కు కాదు, గాజు. గాజులో పరుగెత్తునది విద్యుత్తు కాదు, వెలుగు. ఆ గాజుపోగు మందము 125 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. దాని నడుమ తొమ్మిది మైక్రాన్ల వ్యాసము గల గర్భమొకటి యుండును. గర్భములోని గాజు చుట్టునున్న గాజుకంటె కొంచెము సాంద్రమైనది గనుక, స్థూలముగా చెప్పవలెనన్న, లోపల ప్రవేశించిన వెలుగు అంచులకు తగిలినపుడెల్ల సంపూర్ణాంతర పరావర్తనము నొంది మరల లోనికే మరలుచు, పోగు వంపులు తిరిగినచోట తానును తిరుగుచు సాగిపోవును. అయితే వంపునకు హద్దు కలదు. తీగ మరీ చిన్న చుట్టగా చుట్టబడినచో, తలుపుసందున నలిగినచో, మేకుక్రింద నొక్కబడినచో వెలుగు గర్భమును విడిచి బయటికి కారిపోవును. మిగిలిన తీగను అందముగా నుండునని చిన్న ఉండగా చుట్టి రౌటరు వెనుక దాచుట అందువలననే కూడని పని.

గాజులో వెలుగును దూరము పంపవచ్చునన్న నమ్మకము ప్రాచీనమైనది కాదు. 1966 లో ఇంగ్లండున పనిచేయుచుండిన చార్లెస్ కావ్, జార్జి హాక్‌హాం అను ఇరువురు శాస్త్రజ్ఞులు, గాజులో వెలుగు క్షీణించుటకు గాజు స్వభావము కాక అందలి మాలిన్యములే ప్రధాన కారణమనియు, వానిని తొలగించినచో కిలోమీటరు దూరమున నూరింట ఒక వంతు వెలుగైనను మిగులుననియు, వార్తల రవాణాకు అంతమాత్రము చాలుననియు వాదించిరి. నాలుగేండ్లకు అమెరికాలోని కార్నింగ్ సంస్థ అట్టి గాజును సాధించెను. నేటి గాజుపోగులలో అనువైన తరంగదైర్ఘ్యమున కిలోమీటరు నడచిన పిదప కూడ నూటికి తొంబదియైదు వంతుల వెలుగు మిగిలియుండును. కావ్ కృషికి 2009 లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఈ గాజును పల్లెలకు చేర్చుట యందు భూమిని త్రవ్వు వ్యయమే పెద్ద అడ్డంకి. ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ ఆ త్రవ్వకమును తప్పించి, అప్పటికే ఊరూరను పాతియున్న విద్యుత్ స్తంభములమీదుగా దాదాపు 24 వేల కిలోమీటర్ల తీగను లాగినది. 2017 డిసెంబరు 27 న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఈ జాలమును ప్రారంభించిరి. నెలకు 149 రూపాయలకు సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్టు, టీవీ ఛానళ్ళు, టెలిఫోను ఒకే తీగమీద ఇచ్చుట దాని తొలి పథకము. ఇంటి గడపవరకు తీగను తెచ్చి బిగించు పని ఊరి కేబులు ఆపరేటర్లదే యయ్యెను. స్తంభములమీది తీగ చౌకయు త్వరితమును అగుట నిజమే కాని, 2023 డిసెంబరు 5 న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినట్టి సందర్భములలో, స్తంభము కూలినచోట కరెంటును నెట్టును ఒక్క దెబ్బకే పోవుట ఆ చౌకతనమునకు చెల్లింపవలసిన మూల్యము.

ఒక గాజుపోగు ఒక యింటికే పరిమితము కాదు. ఇంటర్నెట్టు నిచ్చు సంస్థ కేంద్రము నుండి వచ్చు పోగును స్ప్లిట్టరు అను పరికరము ముప్పదిరెండు లేక అరువదినాలుగు పాయలుగా చీల్చును. దానికి కరెంటుతో పనిలేదు. డెల్టా రైతులకు కాలువ నీటి విషయమున చిరపరిచితమైన ఎగువ దిగువల తగవు ఇచట కొంతవరకే వర్తించును. కాలువలో ఎగువవాడు తూమును పూర్తిగా ఎత్తినచో శివారు భూములకు నీరందదు; గాజుపోగులో పంపకము చోటునుబట్టి గాక కాలమునుబట్టి జరుగును. కేంద్రములోని యంత్రము సెకనును ఎనిమిదివేల భాగములు చేసి, ఒక్కొక్క భాగమున ఏ యింటి వంతు ఎంతయో నిర్ణయించును గనుక శివారు ఇల్లు చివర నున్నంతమాత్రమున నష్టపోదు. అయితే అందరును ఒక్కసారే తోడినచో మట్టము తగ్గుట కాలువకును దీనికిని సమానమే. రాత్రి భోజనముల వేళ సినిమా చక్రము తిరుగుచు నిలిచిపోవుటకు రౌటరే కారణమని తలంచుట అనేక పర్యాయములు అన్యాయము.

ఇంటికి వచ్చునట్టి వెలుగు 1490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమునను, ఇంటినుండి పోవునది 1310 నానోమీటర్లయందును ప్రయాణించును. కావున ఒకే పోగులో రాకపోకలు ఒండొంటిని ఢీకొనవు. ఈ రెండును పరారుణ కిరణములు, కంటికి కానరానివి. వెలుగు కానరాలేదు గనుక లేదనుకొని తీగకొనను కంటికి ఎదురుగా పెట్టి చూచుట ప్రమాదము. బిగించువారు చిన్న మీటరుతో కొలిచి "పవరు మైనస్ ఇరవై వస్తోంది" అని చెప్పుదురు; మిల్లీవాటులో నూరవవంతు వెలుగు వచ్చుచున్నదని దాని యర్థము. మైనస్ ఎనిమిదికిని మైనస్ ఇరువదియేడుకును నడుమ నున్నంతవరకు సామాన్యముగా పెట్టె పనిచేయును. ఇరువదియేడు దరిదాపులనున్నచో ఎండకు వానకు జాయింటు కొంచెము చెడినను నెట్ పోవును. బిగించినరోజున ఆ సంఖ్యను అడిగి వ్రాసిపెట్టుకొన్న గృహస్థునకు ముందు ముందు దోషనిర్ణయము సులభమగును.

చిరునామాల లెక్క

టెలిఫోనులో ఇరువురు మాటలాడునంతసేపును వారి నడుమ తీగ వారికే కేటాయింపబడియుండుట పూర్వపద్ధతి. కంప్యూటర్ల సంభాషణ అట్టిది కాదు. క్షణకాలము వరదవలె వచ్చి, మరు నిముసమంతయు మౌనము వహించును. అందువలన 1960 దశాబ్దమున అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ వేరువేరుగా ఆలోచించి, వార్తను చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కపైనను గమ్యస్థానపు చిరునామాను వ్రాసి, ఏ దారి ఖాళీగా నున్న ఆ దారిని పంపు పద్ధతిని సూచించిరి. ఆ ముక్కలే ప్యాకెట్లు. వానిని కూడలి కూడలిలో అందుకొని, చిరునామా చదివి, తరువాతి దారి చూపు యంత్రమే రౌటరు. ఈ పద్ధతిపై కట్టిన అమెరికా జాలమున 1969 అక్టోబరు 29 న లాస్ ఏంజిల్స్ నుండి స్టాన్‌ఫర్డుకు నడచిన తొలి వార్తకు దారి చూపినవి బీరువా పరిమాణముగల యంత్రములు. నేడు గోడమేకుకు తగిలించునది వాని వంశములోనిదే. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974 లో ప్రకటించిన నియమావళి 1983 జనవరి 1 నుండి ఆ జాలమంతటికిని అనుసరణీయమయ్యెను. మన దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టును విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15 న అందుబాటులోనికి తెచ్చినది.

ఆ నియమావళి ప్రకారము ప్రతి యంత్రమునకు ముప్పదిరెండు ద్వ్యంశముల చిరునామా యుండవలెను. అట్టివి మొత్తము 4,29,49,67,296 మాత్రమే, అనగా 429 కోట్ల పైచిలుకు. ప్రయోగశాలల నాటి దృష్టికి అది అక్షయముగా తోచెను. ప్రతి చేతికిని ఒక ఫోను వచ్చిన నాటికి చాలలేదు. 2011 ఫిబ్రవరి 3 న ప్రపంచ భాండారమునందలి చివరి చిరునామా ఖండములు కూడ పంచబడిపోయినవి. ఇది ముందుగానే గ్రహించినవారు రెండు ఉపాయములు చేసిరి. ఒకటి, ద్వ్యంశములను 128 కి పెంచి క్రొత్త చిరునామాలు కల్పించుట. ఈ మార్పు నేటికిని సాగుచున్నది. రెండవది, 1990 దశాబ్దమునాటిది, ఇంటి లోపలి యంత్రములకు బయట చెల్లని చిరునామాలు ఇచ్చి, ఇల్లంతటికిని కలిపి బయటికి ఒకే చిరునామా చూపుట. 192.168 తో మొదలగు సంఖ్యలు అట్లు గృహోపయోగమునకు కేటాయింపబడినవే. వడ్లమూడిలోని ఇంటను, వాషింగ్టనులోని ఇంటను, రేపల్లెలోని దుకాణమునను 192.168.1.1 అను ఒకే సంఖ్య కానవచ్చుటలో వింత లేదు. ఆ సంఖ్యకు ఆ గోడల వెలుపల ఉనికి లేదు.

లోపల జరుగు పని ఇట్టిది. కుమార్తె ఫోనునకు 192.168.1.5, తండ్రి ఫోనునకు 192.168.1.6 చిరునామాలైనచో, కుమార్తె పరీక్షాఫలితముల పుట నడిగినపుడు రౌటరు ఆ ప్యాకెట్టుపై ఆమె చిరునామాను తుడిచి, ఇంటి బయటి చిరునామాను వ్రాసి, దానితోపాటు పోర్టు అను గుర్తుసంఖ్య నొకటి చేర్చి, ఈ గుర్తుతో వచ్చు జవాబు ఫలానా ఫోనునకు చెందునని తన పట్టికలో నమోదు చేసికొనును. ఆ గుర్తుసంఖ్యలు 65,536 కలవు. జవాబు వచ్చినపుడు పట్టిక చూచి అప్పగించును. ఎవరును అడుగకయే బయటినుండి వచ్చిన ప్యాకెట్టునకు పట్టికలో చోటుండదు గనుక అది అంతటితో పారవేయబడును. చిరునామాల కరవునకై కల్పించిన ఉపాయము ఈ విధముగా ఇంటికి కొంత రక్షణగా కూడ పరిణమించినది.

ఈ లోపలి చిరునామాలను ఎవరును కూర్చుండి వ్రాయనక్కరలేదు; క్రొత్త ఫోను వైఫైలో చేరగానే రౌటరే ఖాళీగా నున్న సంఖ్య నొకదానిని కొంతకాలమునకు అద్దె కిచ్చినట్లు ఇచ్చును. డీహెచ్‌సీపీ యన నిదియే. మనుష్యులు వ్రాయు పేరును యంత్రములెరుగు సంఖ్యగా మార్చు డీఎన్ఎస్ అను ఏర్పాటు, పాల్ మోకపెట్రిస్ 1983 లో రూపొందించినది, కూడ రౌటరు ద్వారానే ఇంటికి పరిచయమగును. మరియొక విశేషము: అనేక సంస్థలు చిరునామాల కొరతచేత పలు ఇండ్లను గూడ కలిపి ఒకే బయటి చిరునామా వెనుక నుంచుచున్నవి. రౌటరు తెరపై బయటి చిరునామా 100.64 మొదలు 100.127 వరకు గల సంఖ్యలతో ఆరంభమైనచో అట్లే జరిగినదని గ్రహింపవలెను. పొలములోని మోటారు షెడ్డు వద్ద సీసీ కెమేరా పెట్టి, దానిని దూరము నుండి నేరుగా చూడబోయినవారికి అది అందకపోవుటకు తరచుగా ఇదియే కారణము.

పెట్టెకు తగిన చోటు

గాజుపోగు ఇంటి గడపవరకు తెచ్చినదానిని గదిగదికిని చేర్చునది రేడియో తరంగము. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ 1895 లో మిల్లీమీటర్ల పొడవుగల రేడియో తరంగములను గోడలగుండా పంపి అవతల గదిలో గంట మ్రోగించిన నాడే తరంగములు గోడను దాటగలవని మన దేశమున ప్రత్యక్షముగా నిరూపితమైనది. వైఫై తరంగములు వానికంటె పొడవైనవి. సెకనుకు 240 కోట్ల స్పందనములు గల 2.4 గిగాహెర్ట్జ్ తరంగము పన్నెండున్నర సెంటీమీటర్ల పొడవు. 5 గిగాహెర్ట్జ్ తరంగము దానిలో సగమునకు లోపు. 2.4 పట్టీని లైసెన్సు లేకుండ వాడుకొనుటకు భారత ప్రభుత్వము 2005 లో అనుమతించినది. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో విశాలమైన అనుమతి 2018 లో వచ్చినది. పొడవైన తరంగము గోడలను సులభముగా దాటును గాని తక్కువ వార్తను మోయును. పొట్టిది ఎక్కువ వార్తను మోయును గాని గోడవద్ద త్వరగా నీరసించును. పాత రౌటర్లలో ఒకటే పట్టీ యుండెను, నేటివానిలో చాలవాటికి రెండును కలవు. రౌటరున్న గదిలోని టీవీకి 5 ను, పెరటివైపు గదికి 2.4 ను వాడుట యుక్తము.

దూరము రెట్టింపైనచో ఖాళీస్థలమునందే సంకేతబలము నాలుగవ వంతునకు పడిపోవును. గోడలు దానిని ఇంకను హరించును. ఇటుకగోడ కొంత, కాంక్రీటు స్లాబు చాల, స్లాబులోని ఇనుపచువ్వల అల్లిక మరింత తినును. లోహము తరంగమును వెనుకకు కొట్టును, నీరు దానిని పీల్చుకొనును. కావున ఇనుపబీరువా వెనుక, ఫ్రిజ్జు ప్రక్క, నిలువుటద్దము చాటున, నీళ్ళడ్రమ్ము చెంత, టీవీ క్రింది చెక్క అరలో రౌటరు నుంచుట తగదు. సామాన్యముగా తీగ వసారా కిటికీగుండా వచ్చును గనుక పెట్టె నచటనే తగిలించిపోవుట వాడుకయైనది. అట్లు చేసినచో సగము సంకేతము వీధికి పోవును, పెరటిగదికి మిగులునది స్వల్పము. ఇంటి నడిమి గదిలో, మనిషి తలకంటె ఎత్తున, నాలుగువైపులను తెరపిగా నుండుచోటును ముందే నిర్ణయించి, బిగించువానిని తీగను అంతవరకు తెమ్మని యడుగుట గృహస్థుని హక్కు. మరి పది మీటర్ల తీగకు అదనముగా ఇయ్యవలసినది తరువాత క్రొత్త పరికరములకు పెట్టు ఖర్చుకంటె ఎంతయో తక్కువ.

మేడపై గదికి స్లాబును దాటి సంకేతము రానపుడు రిపీటరు కొనుట పలువురు చేయు పని. ఒకే రేడియోతో పనిచేయు రిపీటరు విన్నదానినే మరల అదే దారిలో పలుకవలసియుండుటచేత వేగము సగమునకు దిగును. దానికంటె మేడపైకి లాన్ కేబులు లాగి, కొనయందు రెండవ పెట్టె నుంచుట మేలు. అట్టి కేబులు నూరు మీటర్లవరకు చక్కగా పనిచేయును. అందలి ఎనిమిది తీగలును బిగింపబడినచో వేగము సెకనుకు వేయి మెగాబిట్లు, నాలుగే బిగింపబడినచో నూరే యని జ్ఞాపకముంచుకొనవలెను.

విశ్వవిద్యాలయపు చుట్టుప్రక్కలవలె వసతిగృహములు దట్టముగా నున్నచోట మరియొక చిక్కు కలదు. 2.4 పట్టీలో ఛానళ్ళు పదమూడని చెప్పబడినను, ఒక్కొక్క ఛానలునకు మధ్యనున్న ఎడము ఐదు మెగాహెర్ట్జ్, ఒక్కొక్క రౌటరు ఆక్రమించునది ఇరువది మెగాహెర్ట్జ్. కావున ఒకదానినొకటి రాచుకొనక నిలువగలవి 1, 6, 11 అను మూడే. నడుమనున్న 3 నో 8 నో ఎన్నుకొన్నచో ఇరువైపుల పొరుగువారితోను ఘర్షణ తప్పదు. చుట్టునున్న రౌటర్ల ఛానళ్ళను చూపు ఫోను యాప్‌తో పరికించి, ఈ మూడింటిలో తక్కువ రద్దీగలదానిని ఎన్నుకొనవలెను. మైక్రోవేవ్ పొయ్యి కూడ 2.45 దరిదాపులనే పనిచేయును గనుక అది తిరుగునంతసేపు వంటయింట వైఫై మందగించుట సహజము.

పాస్‌వర్డు బలము

రౌటరుకు పాస్‌వర్డులు రెండు. ఒకటి వైఫైలో చేరుటకు; అది ఇంటిల్లిపాదికిని తెలియును. రెండవది రౌటరు లోపలి అమరికలను మార్చుటకు. దానిని అడ్మిన్ పాస్‌వర్డందురు, అది అనేక గృహములలో ఎవరికిని తెలియదు. కర్మాగారమున వేల పెట్టెలకు ఒకే మాటను అడ్మిన్ పాస్‌వర్డుగా పెట్టి పంపుట చిరకాలపు అలవాటు. దాని ఫలము 2016 లో బయటపడినది. మిరాయ్ అను దుష్టక్రమణిక, అట్టి కర్మాగారపు పేర్లును పాస్‌వర్డులును అరువది పైచిలుకు జతలను మాత్రమే వల్లెవేయుచు, ప్రపంచమంతట లక్షలకొలది కెమేరాలను రౌటర్లను వశపరచుకొని, ఆ యేడు అక్టోబరు 21 న డైన్ అను డీఎన్ఎస్ సంస్థపైకి ఒక్కుమ్మడిగా ఉసిగొల్పగా, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి కొన్ని గంటలు అనేకులకు అందకపోయెను. ఆ పెట్టెల యజమానులకు తమ యింటిలోని పరికరము ఆ దండయాత్రలో పాల్గొన్న సంగతియే తెలియదు.

వైఫై సంకేతము వీధిలోనికి కూడ పోవును గనుక దానిని గూఢలిపిలో పంపవలెను. తొలి పద్ధతి యగు వెప్ 2001 లోనే భగ్నమైనది. 2004 నాటి డబ్ల్యూపీఏ2 నేటికిని వాడుకలో నున్నది, 2018 లో డబ్ల్యూపీఏ3 వచ్చినది. డబ్ల్యూపీఏ2 లో ఒక లోపము కలదు. ఫోను వైఫైలో చేరునప్పటి పలకరింపును వీధిలోనుండి పట్టి భద్రపరచుకొన్నవాడు, తరువాత తీరికగా తన యంత్రముతో పాస్‌వర్డులను ఒక్కొక్కటిగా సరిచూచుకొనవచ్చును. అట్టి యంత్రము సెకనుకు పదిలక్షల మాటలు పరీక్షించుననుకొందము. మన యిండ్లలో విరివిగా కానవచ్చు పాస్‌వర్డు ఇంటి యజమాని సెల్‌ఫోను నంబరు. అది పది అంకెలదైనను, తొలి అంకె 6, 7, 8, 9 లలో నొకటియే గనుక సాధ్యమైనవి 400 కోట్లు. ఆ యంత్రమునకు గంటకు కొంచెము పైన పని. అదే ఒండొంటితో సంబంధము లేని నాలుగు తెలుగు మాటలను ఆంగ్లలిపిలో కలిపి వ్రాసినచో, ఐదువేల మాటల పట్టికనుండి ఎన్నుకొన్నవైనను, సాధ్యమైన కూర్పులు ఆరు కోటికోట్ల పైచిలుకు. అన్నిటిని పరీక్షించుటకు అదే యంత్రమునకు దాదాపు ఇరువది యేండ్లు పట్టును. ఇంటివారికి జ్ఞాపకముంచుకొనుట మాత్రము సెల్ నంబరు కంటె కష్టము కాదు.

మీట నొక్కి పాస్‌వర్డు లేకయే ఫోనును చేర్చుకొను డబ్ల్యూపీఎస్ అను సౌకర్యముతో ఎనిమిది అంకెల పిన్ పద్ధతియు జతపడియుండును. ఆ పిన్‌ను రెండు భాగములుగా సరిచూచు నిర్మాణదోషమువలన పదకొండువేల ప్రయత్నములలో అది బయటపడునని 2011 లో తేలినది. దానిని ఆర్పివేయుటయే శ్రేయము.

అమరిక క్రమము

పై విచారణనుబట్టి తొలి అమరికకు ఒక క్రమ మేర్పడుచున్నది. పెట్టెకు కరెంటిచ్చి రెండు మూడు నిముసములు ఆగి దీపములను చూడవలెను. పాన్ అను దీపము నిలుకడగా పచ్చగా వెలుగవలెను. లాస్ అను దీపము వెలుగరాదు. లాస్ ఎర్రగా మినుకుచున్నచో వెలుగు రాలేదన్నమాట; అట్టి స్థితిలో రౌటరు లోపలి అమరికలను ఎంత మార్చినను ఫలము లేదు, తీగను పరీక్షింపవలెను. పిదప పెట్టె అడుగునగల చీటిని చదివి, దానిమీది వైఫై పేరుతో ఫోనునో, లాన్ కేబులుతో కంప్యూటరునో కలిపి, బ్రౌజరులో చీటిమీది చిరునామాను వ్రాయవలెను, అది 192.168.1.1 గాని 192.168.0.1 గాని యగుట పరిపాటి.

తెర తెరచుకొనగానే చేయవలసిన మొదటి పని అడ్మిన్ పాస్‌వర్డు మార్పు. తక్కినవన్నియు తరువాత. బయటి సంబంధము గూర్చిన పుటలో పీపీపీఓఈ అను పద్ధతి కానవచ్చినచో, సంస్థ యిచ్చిన యూజరు పేరు, పాస్‌వర్డు అచట వ్రాయవలెను. వానిని విడిగా కాగితముపైకెక్కించుట మరువరాదు, ఏలయన పెట్టె వెనుక పిన్నుతో నొక్కు రీసెట్ రంధ్రము ఆ వివరములను కూడ తుడిచివేయును. వైఫై పుటలో జాలమునకు పేరు పెట్టునపుడు ఇంటిపేరు, డోరు నంబరు వాడకుండుట మంచిది. గూఢలిపిగా డబ్ల్యూపీఏ2 గాని, ఇంటిలోని ఫోనులు అంగీకరించినచో డబ్ల్యూపీఏ3 గాని ఎన్నుకొనవలెను. డబ్ల్యూపీఎస్‌ను, బయటినుండి రౌటరును నిర్వహించుటకు వీలిచ్చు రిమోట్ మేనేజిమెంటును ఆర్పవలెను. 2017 లో డబ్ల్యూపీఏ2 పలకరింపులోనే లోపమొకటి బయటపడినపుడు పెట్టెలోని క్రమణికయగు ఫర్మువేరు సవరణలే దానికి మందైనవి. కావున ఫర్మువేరు పుటను కూడ చూచి, క్రొత్తది లభించినచో ఎక్కించుకొనవలెను. బంధువులకు, అద్దెకున్నవారికి, సీసీ కెమేరాలకు గెస్టు జాలము నొకదానిని వేరుగా ఏర్పరచినచో వారి పరికరములలోని దోషములు ఇంటివారి కంప్యూటర్లవరకు రావు.

సంస్థ యిచ్చిన పెట్టెకు తోడుగా సొంతముగా మంచి రౌటరు కొన్నవారు ఒక సంగతి గమనింపవలెను. రెండు పెట్టెలును చిరునామాలు మార్చు పనినే చేయబూని, రెండును 192.168.1 శ్రేణినే వాడినచో ఏ ప్యాకెట్టు ఎటు పోవలెనో తెలియక నెట్ నిలిచిపోవును. సొంత పెట్టెను చిరునామాలు మార్చక వైఫై మాత్రమే ఇచ్చు యాక్సెస్ పాయింటు పద్ధతిలో నుంచుటయో, సంస్థ పెట్టెను చిరునామాల పని మాని ప్యాకెట్లను అట్లే దాటించు బ్రిడ్జి పద్ధతిలో పెట్టించుటయో చేసినచో ఈ చిక్కు తొలగును.

పరీక్షయు దోషనిర్ణయమును

అమరిక ముగిసినంతనే వేగమును పరీక్షింపవలెను, అదియును మొదట లాన్ కేబులుతో. సంస్థలు చెప్పునది మెగాబిట్లలో, ఫైళ్ళ పరిమాణము కానవచ్చునది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. 15 మెగాబిట్ల వేగమున ఒక గిగాబైటు సినిమా దిగుటకు తొమ్మిది నిముసములు పట్టినచో అది మోసము కాదు, లెక్క సరిపోయినట్లే. కేబులుతో పూర్తి వేగము వచ్చి వైఫైలో రానిచో దోషము పెట్టె చోటుదో ఛానలుదో. కేబులుతోనే రానిచో దోషము తీగదో సంస్థదో. ఈ ఒక్క విభజన తెలిసినవాడు ఫోను చేసినపుడు ఆపరేటరు సమాధానము కూడ మారును. వేగముతోపాటు జాప్యమును కూడ చూడవలెను. గాజులో వెలుగు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోవును గనుక సుమారు 400 కిలోమీటర్ల దూరముననున్న చెన్నపట్టణమునకు పోయి వచ్చుటకు నాలుగు మిల్లీసెకన్లు చాలును. అంతకుమించి అయినదంతయు దారిలోని యంత్రముల నిరీక్షణ. విదేశములోని కుమారునితో వీడియోలో మాటలాడునపుడు మాట వెనుకబడుట వేగలోపముకంటె జాప్యదోషమే యగుట తరచు.

కరెంటు పోయినపుడు నెట్ కూడ పోవుట తప్పనిసరి కాదు. స్ప్లిట్టరుకు కరెంటక్కరలేదని పైన చెప్పితిమి, కేంద్రమునకు బ్యాటరీలుండును, కావున ఇంటిలోని పెట్టెకు మాత్రము పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ అమర్చినచో వేసవి కోతలలో కూడ పని సాగును. ఆ పెట్టె వాడునది సామాన్యముగా పదీ పదిహేను వాట్లలోపే. ఇక "ఒకసారి ఆపి వేయండి" అను సుప్రసిద్ధమైన చికిత్సకు కూడ కారణము కలదు: రౌటరు పట్టిక నిండిపోయినపుడో, క్రమణిక ఎచటనో చిక్కుకొన్నపుడో, పునఃప్రారంభము దాని జ్ఞాపకమును తుడిచి మొదటినుండి నడపించును. అది రోజురోజుకు అవసరమగుచున్నచో మాత్రము చికిత్సగా గాక రోగలక్షణముగా భావించి పెట్టెను మార్పించుకొనవలెను.

ఈ అధ్యాయములోని శాస్త్రమంతయు గుర్తుండకపోయినను నష్టము లేదు. తమ యింట క్రొత్తగా రౌటరు పెట్టించుకొను పాఠకులు, బిగించువాడు గడప దాటకమునుపే, అతని యెదుటనే మూడు పనులు చేయించుకొందురు గాక: పెట్టె నడిమిగదికి రావలెను, అడ్మిన్ పాస్‌వర్డును ఇంటివారే స్వయముగా మార్చుకొనవలెను, పవరు సంఖ్యను, యూజరు పేరును, రెండు పాస్‌వర్డులను కరెంటు బిల్లులు దాచుకొను పుస్తకమునందే వ్రాసిపెట్టుకొనవలెను. నెలనెలా డబ్బు చెల్లించువారికి ఈ మూడును అడుగు అధికారము కలదు.